మూడు పొరల సంచి

కనకమహాలక్ష్మి ఏది కుట్టినా మూడు పొరలు పడాల్సిందే. రెండు చాలవా అని ఎవరైనా అడిగితే, ఈ మనిషికి ఈ జన్మలో చెయ్యి కాలలేదు కాబోలు అన్నట్టు చూసేది. పైన జీన్ గుడ్డ, అడుగున పాత నూలు చీర, నడుమ కంబళి ముక్క. వాళ్ళు వలస వచ్చిన హిందీ ఊరి ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీలు వేడి పనికి తొడుక్కునే చేతి తొడుగుల పద్ధతి అది. ఖుర్సీపార్ బస్తీలోని ఇంటి ముందుగదిలో కూర్చుని, కాలి మిషను మీద ఆవిడ ఏళ్ళ తరబడి కుట్టింది అవే. మొదటి జత మాత్రం అమ్మకానికి కుట్టలేదు. బొగ్గు బట్టీల దగ్గర పనిచేసే మొగుడు ఒకనాడు అరచెయ్యంతా బొబ్బలతో ఇంటికొస్తే, పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన కంబళిని కసిదీరా చింపి అతనికి కుట్టింది. చేతులకైతే తొడుగు వేసింది గాని ఊపిరితిత్తులకు ఎవరు వేయగలరు? మొగుడు దగ్గుతూ దగ్గుతూ పోయాడు. ఆ తొడుగులే కూతురు సౌమ్యను ఇంజనీరింగు దాకా చదివించాయి.

"లోపలున్నదానికి బయట ఏటి జరుగుతన్నాదో తెలీకూడదు. అదీ తొడుగంటే," అనేది ఆవిడ. ఆ మాట అనేటప్పుడు కొంచెం గర్వం కూడా ఉండేది.

సౌమ్యకు ఉద్యోగం ఊళ్ళోనే దొరికింది. పట్టణంలో రోడ్లూ వంతెనలూ చూసే ఆఫీసులో. ఆ ఆఫీసుకు ఒక కంపెనీ సలహాల యంత్రం అమ్మింది. దాని పేరు సేతుమిత్ర. పేర్లు పెట్టడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు. పని ఇదీ: ఊళ్ళో తిరిగే ఆటోలకూ స్కూలు వ్యాన్లకూ ఒక్కో ఫోను బిగిస్తారు. బండి గోతిలో పడ్డా, వంతెన మీద వణికినా ఆ కుదుపును ఫోను పట్టుకుని ఆఫీసుకు పంపిస్తుంది. అన్ని బళ్ళ కుదుపులూ, వాన లెక్కలూ, కట్టడాల వయసూ కలిపి కంప్యూటరు ఒక పటం గీస్తుంది. పటం మీద ప్రతి వంతెనా ఒక చుక్క. పచ్చ చుక్క అంటే భయం లేదు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండాలి. ఎరుపు అంటే ముందు దాని పని చూడాలి. ఇక అధికారులు ఏ నాయకుడి ఫోనుకూ జడవక్కర్లేదు, చుక్క చూసి సంతకం పెడితే చాలు.

సౌమ్య ఆ యంత్రాన్ని మనస్ఫూర్తిగా నమ్మింది. నమ్మడానికి కారణం ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల చూసింది ఒకటే: పైపు పగిలినా, దీపం ఆరినా, రోడ్డు కుంగినా ముందు కాలనీల వంతు, తరవాత మార్కెట్ల వంతు, ఖుర్సీపార్ వంతు వచ్చేసరికి పంచినవాడి చేతిలో గిన్నె ఖాళీ. మొహం చూడని యంత్రం ఒకటి వచ్చిందంటే, అది తమకు న్యాయం చేయకపోతే ఇంకెవరికి చేస్తుంది అనుకుంది. పాపం, అలా అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు.

అందులోనూ వాళ్ళ సందుకూ బజారుకూ మధ్య ఉన్న నాలా పులియా సంగతి ఆమెకు బాగా తెలుసు. మురికి కాలవ మీద ఎప్పుడో కట్టిన కల్వర్టు అది. ఒక పక్క గోడ కాలవలోకి ఒరిగింది. నడుచుకుంటూ దాటుతుండగా బరువైన ఆటో వస్తే పాదాల కింద నేల ఉలికిపడినట్టుండేది. వానాకాలంలో చాలామంది దాని జోలికి పోకుండా పెద్ద రోడ్డు మీంచి చుట్టు తిరిగి వెళ్ళేవారు. సేతుమిత్ర మొదలైన కొత్తలో పటం మీద ఆ పులియా ముదురు పసుపులో కనబడింది. ఇంకొంచెం ముదిరితే ఎరుపే. "వస్తోంది, మన వంతు వస్తోంది," అని సౌమ్య ఇంట్లో చెప్పుకుని మురిసింది.

స్టాండులో ఫోను బిగించిన మొదటి ఆటో సురేశ్‌ది. కనకమహాలక్ష్మికి అతను తమ్ముడి కొడుకు. టెక్కలి దగ్గర పల్లెలో తల్లీతండ్రీ పోతే, చిన్నవాణ్ణి ఆవిడే రైలెక్కించి తెచ్చుకుని పెంచింది. సౌమ్యకు బావ వరస. కానీ ఒకే కంచంలో తిని, ఒకే దువ్వెన కోసం కొట్టుకుని పెరిగినవాళ్ళు కావడంతో ఆ వరసను పిలవడానికి తప్ప ఎవరూ వాడలేదు. అతను రజనీకుమారిని చేసుకుని రెండు సందుల అవతల కాపురం పెట్టాడు. బుజ్జి అని నాలుగేళ్ళ కూతురు. రోజూ మధ్యాహ్నం బడిపిల్లల్ని దింపేసి, ఇంటికి వెళ్ళే దారిలో మేనత్త గుమ్మం ముందు ఆటో ఆపి, హారను కొట్టి, "అత్తా, ఏటి కూర?" అని అడిగి పోవడం అతని అలవాటు. కూర నచ్చితే గిన్నెతో సహా పట్టుకుపోయేవాడు. గిన్నెలు తిరిగి వచ్చేవి కావు.

ఫోను బిగించిన మర్నాడే అతను దిగులుమొహంతో వచ్చాడు.

"అత్తా, కంపెనీవోళ్ళ ఫోనది. పగిలితే డ్రైవరే కట్టుకోవాలంట. ఆ ఇనప పట్టీ మీద గోతిలో పడ్డప్పుడల్లా టకటకా కొట్టుకుంటంది. అది పగిలిందంటే నా కొంప కొల్లేరే."

బండి వణికితే ఫోనూ వణకాలి, అందుకే ఇనప పట్టీకి గట్టిగా బిగించాలి అని సౌమ్య డ్రైవర్లందరికీ చెప్పింది. పగిలితే మీదే బాధ్యత అని కంపెనీ చెప్పింది. రెండు మాటల్లో బీదవాడి చెవికి ఏది ఎక్కుతుందో వేరే చెప్పాలా?

"ఓస్, దానికేటి బెంగ? సాయంకాలం రా, సంచి కుట్టి ఉంచుతాను," అంది కనకమహాలక్ష్మి.

కుట్టింది. బొటనవేలు లేని చేతి తొడుగులా ఉంది అది. జీన్ గుడ్డ, కంబళి, మెత్తబడ్డ నూలు చీర. అంచుకు ఎర్ర దారం. ఫోను అందులో దూరి, ఉయ్యాల్లో పిల్లలా సర్దుకుంది. సంచిని మాత్రం సురేశ్ అదే ఇనప పట్టీకి, అదే మరతో, చెప్పినట్టే గట్టిగా బిగించాడు. మాట తప్పలేదు మరి. మర్నాడు స్టాండులో అందరూ చూశారు. వారం తిరిగేసరికి ఖుర్సీపార్ ఆటోలన్నిటికీ ఎర్ర అంచు సంచులు వచ్చాయి. కనకమహాలక్ష్మి ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. "మా అమ్మాయి ఆపీసు పనికి కదా, నా వంతు," అనేది.

సౌమ్య చూడలేదా? చూసింది. చూసి ముచ్చటపడింది. వరసగా నిలబెట్టిన ఆటోల్లో ఎర్ర అంచులు మెరుస్తుంటే ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టింది. పైఅధికారి మనోజ్‌కుమార్ చప్పట్ల బొమ్మలు పెట్టి "బహుత్ బఢియా" అని రాశాడు. అతనూ తెలుగువాడే, సెక్టర్ 6 ప్లాంటు క్వార్టర్సులో పుట్టి పెరిగాడు. తెలుగు నానమ్మతో మాత్రమే మాట్లాడేవాడు, ఆవిడ పోయాక అదీ లేదు. గ్రూపులో ఇంకా చాలామంది బొటనవేళ్ళు ఎత్తారు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ, వణకాల్సిన ఫోనుకు పరుపు వేశారేమిటి అన్న ఆలోచన రాలేదు. ఆ తప్పు ఎక్కడా దాక్కోలేదు. అందరి కళ్ళ ముందే రోజూ ఊరంతా తిరిగింది.

కొన్నాళ్ళకు పటం మీద నాలా పులియా పసుపు పలచబడింది. తరవాత పచ్చబడింది. సౌమ్య ఆశ్చర్యపోయి, కారణం వెతుక్కుంది. వెతికితే కారణాలు దొరక్క ఏం? ఆ మధ్యనే ఎవరో రెండు లారీల స్లాగు, ప్లాంటులో లోహం తీశాక మిగిలే చిట్టెం, తెచ్చి గోతుల్లో పోసి చదును చేశారు. అదన్నమాట అనుకుంది. పాదాల కింద నేల మాత్రం మునుపటిలాగే ఉలికిపడుతోంది. పాదాల మాట వినాలా, పటం మాట వినాలా? ఆమె చదివిన చదువంతా పటం వైపు నిలబడింది.

మే నెలలో మీటింగు జరిగింది. వానలకు ముందు ఒక్క కల్వర్టు పనికే వీలుంది. సెక్టర్ 6 వైపు స్కూలు వ్యాన్లు తిరిగే దారిలో ఒకటి ఎర్రగా చూపిస్తోంది. ఆ వ్యాన్లలో ఫోన్లకు సంచులు లేవు, ఇనుము మీద ఇనుములా బిగించినవి. స్పీడ్‌బ్రేకరు దాటినా అవి గగ్గోలు పెట్టేవి.

"ఖుర్సీపార్ సైడు అంతా గ్రీన్. ఠీక్ హై. ఎవరికైనా ఏమైనా చెప్పాలనుందా?" అన్నాడు మనోజ్‌కుమార్.

సౌమ్య నోరు తెరిచింది. నేను రోజూ నడిచి దాటుతాను సర్, అది కదులుతోంది అని చెబుదామనుకుంది.

"అరె హా, నీ ఘర్ అటే కదా?" అన్నాడతను నవ్వుతూ. ఎత్తిపొడుపు కాదు, ఊరికే గుర్తొచ్చి అన్నాడు. కానీ ఆ మాటకు ఆమెకు సిగ్గు వేసింది. తన వీధి కోసం పక్షపాతం చూపిస్తోందనుకుంటారని భయం వేసింది. ఇన్నాళ్ళూ మొహాలు చూసి పనులు చేసేవాళ్ళను తిట్టుకున్న మనిషి తానే ఆ పని ఎలా చేస్తుంది?

"ఏం లేదు సర్," అంది.

ఏ రోగమూ లేని సెక్టర్ కల్వర్టుకు కొత్త సిమెంటు పడింది.

దాంతో ఆగినా బాగుండేది. మీటింగు నాటి సాయంత్రమే సురేశ్ గుమ్మం ముందు ఆటో ఆపి అడిగాడు. "ఏం సౌమ్యా, మన పులియాకి పనెప్పుడు?"

"లేదు బావా, మనది పచ్చ చుక్క వచ్చింది. సేఫ్ అట."

"నిజంగానా?"

"డేటా అబద్ధం చెప్పదు కదా."

అతను సంతోషించాడు. మరదలు ఇంజనీరు, ఆమె చెప్పిందంటే రాతి మీద గీతే. స్టాండులో అందరికీ చెప్పాడు. ప్రతి వానాకాలమూ పెద్ద రోడ్డు మీంచి చుట్టు తిరిగేవాళ్ళంతా ఆ ఏడు చుట్టు తిరగడం మానేశారు.

ఆగస్టు చివర్లో ముసురు పట్టింది. నాలా నిండి, పులియా అంచును ఒరుసుకుంటూ పారింది. ఆ మధ్యాహ్నం సురేశ్ బడిపిల్లల్ని దింపేసి, ఖాళీ ఆటోతో అన్నానికి వస్తున్నాడు. పులియా నడుముకు వచ్చేసరికి ఒరిగిన గోడ కూలింది, దానితో సగం రోడ్డూ, రోడ్డుతో ఆటో. పక్కనే బళ్ళు బాగుచేసే షెడ్డులోని వాళ్ళు పరుగెత్తుకొచ్చి తాడు వేశారు. తాడు అందుకునే చెయ్యి కనబడలేదు. అతన్ని కాలవ దిగువన, రైలు కట్ట దగ్గర తుప్పల్లోంచి శవంగా తీశారు. ఆటో తలకిందులుగా బురదలో దిగబడింది. కనకమహాలక్ష్మి ఆ పూట బెండకాయ పులుసు చేసి, హారను మోత కోసం చెవి గుమ్మానికి పడేసి కూర్చుంది. హారను బదులు మనుషులు వచ్చారు.

ఆ ఇంటి ఏడుపు గురించి రాయడం నావల్ల కాదు. పెంచిన చేతులు నేల మీద ఎంత కొట్టుకుంటాయో చూసినవాళ్ళకు తెలుస్తుంది, చూడనివాళ్ళకు తెలియకపోవడమే మంచిది. రజనీకుమారి మాత్రం ఏడవలేదు. గోడకు చేరగిలబడి, వచ్చినవాళ్ళందరితో "మంచిదన్నారు కదా, పులియా మంచిదన్నారు కదా," అని మాత్రం అంటూ ఉంది. ఎవరన్నారో ఆమె చెప్పలేదు. సౌమ్య ఆ గదిలోనే ఉంది.

ఆటోను బయటికి లాగాక పోలీసు కానిస్టేబులు ఫోను తెచ్చి సౌమ్యకు ఇచ్చాడు, కంపెనీ వస్తువని. సంచి బురదలో నాని బరువెక్కింది. లోపల ఫోను గాజు మీద ఒక్క గీత లేదు. కనకమహాలక్ష్మి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సూసేవా, సెక్కు సెదరలేదు. నా సంచి దీన్ని కాపాడింది గాని నా బిడ్డని కాపాడలేపోయింది," అని మళ్ళీ గుండెలు బాదుకుంది.

పెద్దకర్మ అయ్యాక సౌమ్య ఆఫీసుకు వెళ్ళింది. ఆ ఫోను చివరిగా ఏం పంపిందో చూడాలనిపించింది. ఎందుకో ఆమెకే తెలియదు. బావ ఆఖరి ప్రయాణం కదా, ఒకసారి తోడు వెళ్ళివద్దామని కావచ్చు. తెర మీద గీత సాఫీగా సాగింది. బడి దగ్గర ఆగింది. బజారు దాటింది. పులియా మీదికి వచ్చింది. అక్కడ చిన్న మెట్టులా లేచి, మళ్ళీ సర్దుకుని, తరవాత లేదు.

ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మనిషీ బండీ కూలి పడిన కుదుపు అది. సెక్టర్ వ్యాను స్పీడ్‌బ్రేకరు దాటిన గీత పక్కన పెట్టి చూస్తే, వ్యాను గీతే పెద్దదిగా ఉంది. అప్పుడు ఆమెకు ఎర్ర దారం అంచు గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చి, తన ఫోనులో సేతుమిత్ర తెరిచి, కుట్టుమిషను బల్ల మీద పెట్టింది.

"అమ్మా, ఒకసారి మిషను తొక్కవా."

"ఇప్పుడెందుకే?"

"ఊరికే. తొక్కు."

కనకమహాలక్ష్మి తొక్కింది. బల్ల దడదడలాడింది. ఫోను మీద గీత పిచ్చిపట్టినట్టు ఎగిసింది. సౌమ్య ఫోనును ఆ నానిపోయి ఎండిన సంచిలో పెట్టింది. "ఇంకోసారి." తల్లి మళ్ళీ అదే జోరున తొక్కింది. ఈసారి గీత నిద్రపోతున్న వాడి ఊపిరిలా మెల్లగా కదిలింది. తల్లి పాదాలు ఆడుతూనే ఉన్నాయి. సౌమ్య ఆ పాదాలనూ ఆ గీతనూ మార్చి మార్చి చూసింది.

"ఏటే, ఏటి సూస్తన్నావు అలాగ?"

"ఏం లేదమ్మా. ఆపు, ఇక చాలు."

మర్నాడు మనోజ్‌కుమార్‌కు అంతా చెప్పింది. అతను పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు.

"దేఖో సౌమ్యా, పైనుంచి రిపోర్టు అడుగుతున్నారు. డ్రైవర్లు పర్మిషన్ లేకుండా కవర్లు వేసుకున్నారని రాసేద్దాం. బస్, అంతే."

"సురేశ్ బావే తప్పు చేశాడని రాస్తారా సర్? ఫోటో చూసి మీరే శభాష్ అన్నారు."

"పంపింది నువ్వు."

"నేనే. నేను చూసి ఊరుకున్నానని రాయండి."

"రాస్తాను. నీ నౌకరీ పోతుంది, అది వదిలెయ్. తరవాత కవర్లు ఎవరు కుట్టారని అడుగుతారు. అప్పుడు?" అన్నాడతను. "ముందు ఆ కవర్లు తీయించు. ఆ పచ్చ చుక్కలన్నీ ఝూఠ్, అబద్ధం. ఇంకా వానలున్నాయి."

ఆ మాట నిజం. ఖుర్సీపార్ వైపు కల్వర్టులు ఇంకా ఉన్నాయి, అన్నీ పటం మీద పచ్చగా నవ్వుతున్నాయి. వాటి మీంచి బడిపిల్లల ఆటోలు పోతున్నాయి. సౌమ్య తిన్నగా స్టాండుకు వెళ్ళింది.

విశ్వకర్మ పూజ దగ్గరపడింది. డ్రైవర్లు బళ్ళు కడిగి సింగారిస్తున్నారు. ప్రతి సంచికీ బొట్టు పెట్టి ఉంది. సంచులు తీసేయాలని ఆమె చెప్పేసరికి స్టాండు పెద్ద ధర్మారావు తల అడ్డంగా ఊపాడు.

"అలాగంటే ఎలాగమ్మా? అంత ఎత్తునించి పడ్డా సురేశ్ ఫోనుకి గీత పడలేదు. మా అందరికీ ఇప్పుడదే ధైర్యం. ఇది అమ్మ సేతి కుట్టు. ఆ తల్లి కడుపుకోతలో ఉంటే, ఆవిడిచ్చింది మేం పీకి పారేస్తే ఏటి బాగుంటాది?"

"ఫోను బండితో పాటు కదలాలి ధర్మారావు మామా. సంచిలో ఉంటే దానికి..." అంటూ ఆగిపోయింది. ఆ వాక్యం పూర్తిచేస్తే సాయంత్రానికి ఖుర్సీపార్ అంతా పాకుతుంది. సురేశ్‌ను మేనత్త సంచే చంపిందని ప్రతి గుమ్మంలోనూ చెప్పుకుంటారు. రజనీ చెవిన పడుతుంది.

"అమ్మనొచ్చి తియ్యమను, తీసేస్తాం," అన్నాడు ధర్మారావు.

ఇంటికి వచ్చేసరికి మిషను చప్పుడు వినబడుతోంది. బావ పోయిన తరవాత తల్లి మిషను ముందు పని చేయడానికి కూర్చోవడం అదే మొదలు. బల్ల మీద కత్తిరించిన జీన్ ముక్కలు, ఎర్ర దారం. పక్క స్టాండువాళ్ళు కూడా సంచులు అడిగారట.

"ఈసారి నాలుగు పొరలేస్తన్నాను. లోపలోడికి ఏటీ తెలీకూడదు," అంది, సూదిలో దారం ఎక్కిస్తూ. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఆనడం లేదు. దారం బెజ్జం పక్కనుంచి పోతోంది. "కాస్త ఇది ఎక్కించి పెట్టే."

సౌమ్య దారం అందుకుంది. ఎక్కించలేదు. తల్లి పాదాల దగ్గర కూలబడి చెప్పేసింది. మిషను ఎందుకు తొక్కించిందో, గీత ఎలా కదిలిందో, పచ్చ చుక్క ఎలా వచ్చిందో, మీటింగులో తను ఎందుకు నోరు మూసుకుందో, బావకు ఏం చెప్పిందో, అన్నీ. తప్పు నాది, నీది కాదు, నీకు తెలియక చేశావు, నేను చదువుకుని కూడా చూడలేదు అని ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాలా చెప్పింది. తల్లి ఆ చివరి మాటలు విన్నట్టు లేదు. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది. మొగుడి బొబ్బల చెయ్యిని చూసిన నాడు ఎలా చూసిందో అలాగే చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, చీర మార్చుకుని, చిన్న కత్తెర కొంగున ముడేసుకుని స్టాండుకు వెళ్ళింది. సౌమ్య వెనకే వెళ్ళింది. ఆవిడ ఒక్కో ఆటో దగ్గరా ఆగి, మర విప్పించి, సంచి కత్తిరించి, ఫోను డ్రైవరు చేతికి ఇచ్చి ముందుకు సాగింది.

"ఏటమ్మా, ఏటైంది?" అన్నాడు ధర్మారావు కంగారుగా.

"కుట్టు సరిగ్గా పళ్ళేదు బాబూ. నాదే తప్పు. ఫోన్ని ఒట్టి పట్టీకే బిగించండి, మా అమ్మాయి సెప్పినట్టు."

"మీ కుట్టు సరిగ్గా పడకపోవడమేటమ్మా!" అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. దిగులుతో ఆవిడకు మతి చలించిందని స్టాండులో అనుకున్నారు. అనుకోనిచ్చింది.

సంచులు పోయిన కొన్నాళ్ళకే పటం రంగు మారింది. ఖుర్సీపార్ వైపంతా పసుపూ ఎరుపూ. మనోజ్‌కుమార్ ఆ పటం తీసుకుని పైకి వెళ్ళి వచ్చాడు. ఈ ఏటి పనులు అయిపోయాయి, వచ్చే ఏడు చూద్దామన్నారట. కూలిన పులియా సంగతి రిపోర్టులో చివరికి వాన మీద రాశారు. వానకు నోరు లేదు కదా. నాలా పులియా చుక్క పటం మీద ఇప్పుడు లేదు, వంతెనే లేనప్పుడు చుక్క ఎందుకని తీసేశారు. సౌమ్య ఉద్యోగం నిలబడింది. రోజూ పొద్దున పెద్ద రోడ్డు మీంచి చుట్టు తిరిగి, ఎర్ర చుక్కలు చూడటానికి వెళ్తుంది.

ఒక సాయంత్రం రజనీకుమారి బుజ్జిని చంకనేసుకుని వచ్చింది. పుట్టింటివాళ్ళు దగ్గర్లోనే ఉతై అనే ఊళ్ళో ఉన్నారు, కొన్నాళ్ళు అక్కడ ఉండి వస్తానంది. లేచి వెళ్ళబోతూ, బల్ల మీద పడి ఉన్న సురేశ్ సంచిని చూసింది. అదొక్కటే కత్తెర పడకుండా మిగిలింది.

"పెద్దమ్మా, ఇది నాకిచ్చీండి. ఆయన బండిలో మిగిలింది ఇదొక్కటే. మీరు పేనం పెట్టి కుట్టిందని ఎప్పుడూ అనేవోరు."

కనకమహాలక్ష్మి కూతురి వైపు చూసింది. కూతురు నేల వైపు చూసింది. ఇవ్వనంటే ఎందుకని అడుగుతుంది. ఇస్తే ఆ ఇంట్లో అది దేవుడి పటం పక్కన ఉంటుంది. ఆవిడ సంచిని తీసి, కొంగుతో తుడిచి, రజనీ చేతిలో పెట్టింది. బుజ్జి దాన్ని లాక్కుని చెంపకు ఆనించుకుని, తల్లి భుజం మీద కళ్ళు మూసుకుంది.

"మెత్తగున్నాదని వొదల్దు, సూడండి," అంది రజనీ. చాలా రోజుల తరవాత ఆమె మొహంలో నవ్వు లాంటిది కనబడింది. వంగి పెద్దమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది.

తల్లీ కూతుళ్ళు ఇద్దరే మిగిలారు. కనకమహాలక్ష్మి గుమ్మం మూసి, మిషను మీద పాత దుప్పటి కప్పి, దాని పక్కనే నేల మీద కూర్చుంది. వీధిలో ఏదో ఆటో హారను కొట్టుకుంటూ పోయింది. అలవాటు కొద్దీ లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"నాకెందుకు సెప్పేవే?" అంది.

సౌమ్య జారిపోతున్న దుప్పటి అంచును మిషను మీదికి లాగింది.

"సెప్పకపోతే ఇంకోడు పోయీవోడు. నాకు తెల్సు. తెల్సే," అని ఆగి, ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్న చేతులను చూసుకుంటూ మళ్ళీ అడిగింది. "అయినా నాకెందుకు సెప్పేవే?"